పాలకొల్లు 2009: హీరో గారి రక్తనిధి, మన జేబులో తెల్లకార్డు

ఈసారి ఎరువుల ధరలు, ధాన్యం డబ్బులు పక్కన పెట్టి మన పాలకొల్లు చరిత్రలో ఒక ముక్క రాస్తున్నానండీ. పోస్టు కొంచెం పెద్దదే. భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి. పైకి ఓట్ల కథలా కనబడుతుంది గానీ, ఇది మన ఇళ్ళల్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఏమవుతుందన్న కథ.

2009 మే 16న ఓట్ల లెక్కింపు. ఆ రోజు మన నియోజకవర్గం ఫలితం కోసం రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. మొగల్తూరులో పుట్టి, నరసాపురం వై.ఎన్. కాలేజీలో చదువుకుని, పాలకొల్లు అల్లుడైన చిరంజీవి గారు ఇక్కడ్నుంచి పోటీ చేశారు. అప్పటికి ఆయన ప్రజారాజ్యం పార్టీ అధ్యక్షుడు, ఆ పార్టీ తరఫున కాబోయే ముఖ్యమంత్రి. అంతటాయన అత్తారింటి ఊళ్ళో ఓడిపోయారు. గెలిచింది కాంగ్రెస్ తరఫున నిలబడ్డ బంగారు ఉషారాణి గారు. తేడా అయిదు వేల పైచిలుకు ఓట్లు. తిరుపతిలో కూడా నిలబడి అక్కడ గెలిచారు కాబట్టి ఆయన అసెంబ్లీకి వెళ్ళగలిగారు.

ఎందుకు ఓడిపోయారంటే మనూళ్ళల్లో పదిమంది పది కారణాలు చెబుతారు. కులాల లెక్క అంటారు. ముక్కోణపు పోటీ అంటారు. డబ్బు అంటారు. రెండు చోట్లా గెలిస్తే ఈయన తిరుపతి ఉంచుకుని మనల్ని వదిలేస్తాడన్న అనుమానం అంటారు. అన్నిట్లోనూ ఎంతో కొంత నిజం ఉండే ఉంటుంది. వాటిని తేల్చే పని నేను పెట్టుకోవట్లేదు. ఆ ఎన్నికల్లో గట్టిగా నడిచి, తర్వాత అందరూ మర్చిపోయిన వాదన ఇంకోటుంది. అది వైద్యం గురించి. దాని గురించే ఈ పోస్టు.

ముందు ఒక సంగతి. సినిమా హీరో ఎన్నికల్లోకి రావడం మనకి అప్పటికే కొత్తేం కాదు. ఎన్టీ రామారావు గారు 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. రాజకీయం తెలియని మనిషి, రంగేసుకునేవాడికి రాజ్యం ఏంటని ఎగతాళి చేసినవాళ్ళు చాలామంది. ఆయన ఇచ్చిన పెద్ద మాట కిలో బియ్యం రెండు రూపాయలు. ఖజానా ఏమైపోతుందని పెద్దపెద్దవాళ్ళు గోల పెట్టారు. అయినా ఇచ్చారు.

ఆ బియ్యం కథ చివరిదాకా చూడండి, మనకి పనికొస్తుంది. 1996లో చంద్రబాబు గారు ఆ రెండు రూపాయల్ని మూడున్నర చేశారు. 2008 ఏప్రిల్‌లో రాజశేఖర రెడ్డి గారు మళ్ళీ రెండు రూపాయలకి తెచ్చారు. 2011లో కిరణ్ కుమార్ రెడ్డి గారు రూపాయి చేశారు. 2013లో కేంద్రం ఆహార భద్రత చట్టం తెచ్చింది. అంటే మొదలుపెట్టినాయన 1996 జనవరిలోనే పోయినా, ఆ బియ్యం ఆయనతో పోలేదు. పార్టీ మారినా నిలబడింది, చివరికి చట్టమైంది. రామారావు గారి కాలంలోనే వైద్య విద్యలో కూడా రెండు పనులు జరిగాయి. 1983లో కాలేజీలు డొనేషన్లు తీసుకోకూడదని చట్టం తెచ్చారు. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టారు. ఇవీ మనుషులు మారినా నిలిచినవే.

ఇక 2009కి వద్దాం. చిరంజీవి గారు 2008 ఆగస్టు 26న తిరుపతిలో పార్టీ ప్రకటించారు. ఆయన ప్రధాన నినాదం సామాజిక న్యాయం. వైద్యం విషయంలో మాత్రం ఆయన అభిమానులు మ్యానిఫెస్టో కాగితం కంటే ముందు చూపించేది రక్తనిధిని. 1998 అక్టోబరు 2న హైదరాబాదులో ఆయన రక్తనిధి, నేత్రనిధి మొదలుపెట్టారు. అభిమానుల చేత పుట్టినరోజుకి కటౌట్లకి దండలేయించడం కాకుండా రక్తం ఇప్పించారు. ఇది చిన్న విషయం కాదండీ. కాన్పు కష్టమైన ఆడపిల్లకి, లారీ గుద్దిన కుర్రాడికి ఒక సీసా రక్తం సమయానికి దొరకడమంటే ప్రాణం దొరకడమే. మన జిల్లా కుర్రాళ్ళు ఎంతోమంది ఆయన పేరు చెప్పుకుని రక్తం ఇచ్చారు, ఇప్పటికీ ఇస్తున్నారు.

పైగా ఆయన మామగారు అల్లు రామలింగయ్య గారు పాలకొల్లువాసి, హోమియో వైద్యుడు. సినిమాల్లో ఎంత నవ్వించినా, బయట చాలామందికి మందిచ్చిన మనిషి. రాజమండ్రిలో ప్రభుత్వ హోమియో కాలేజీ ఆయన పేరు మీదే ఉంది. కాబట్టి ఆ పక్షం వాళ్ళ వాదన సూటిగా ఉండేది: పదవి లేకుండానే సొంత డబ్బుతో, అభిమానుల రక్తంతో ఇంత చేసినవాడు, పదవొస్తే ఇంకెంత చేస్తాడు?

వాదనలో బలం ఉంది. కాదనలేం.

కానీ అవతలి పక్షం చేతిలో కూడా ఒక బలమైన వస్తువు ఉంది. అది మన జేబులోనే ఉంది. తెల్లకార్డు.

ఆ కార్డుకి అంత బలం ఎలా వచ్చిందో ఇప్పటి కుర్రాళ్ళకి తెలియకపోవచ్చు. 2004కి ముందు గుండె ఆపరేషన్ అంటే మన ఇళ్ళల్లో పరిస్థితి ఏంటి? ముందు ఆరెంపీ దగ్గరకి వెళ్ళడం. ఆయన చేతులెత్తేస్తే పాలకొల్లో, భీమవరమో వెళ్ళడం. అక్కడ కాదంటే కాకినాడ పెద్దాసుపత్రి, లేకపోతే విజయవాడ, హైదరాబాదు. లక్ష, లక్షన్నర అవుతుందనేవారు. పొలం ఉన్నవాడు అరెకరమో ఎకరమో అమ్మేవాడు. ఆపద మీద అమ్మేవాడికి మంచి ధర ఎవడిస్తాడండీ? కౌలు రైతు సంగతి చెప్పక్కర్లేదు. అమ్ముకోవడానికి ఆయన పేరున సెంటు భూమి ఉండదు. ఆడవాళ్ళ మెళ్ళో ఉన్నది తాకట్టు పెట్టి, మిగిలింది వడ్డీకి తెచ్చేవాడు. మనిషి బతికినా అప్పు తీర్చడానికి పదేళ్ళ దాళ్వా చాలేది కాదు. మనిషి పోతే ఆ అప్పు పిల్లల మెడకి చుట్టుకునేది.

2004లో రాజశేఖర రెడ్డి గారు వచ్చాక ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఆపరేషన్లకి డబ్బు ఇవ్వడం బాగా పెరిగింది. ఆయన స్వయంగా డాక్టరు, పైగా 2003లో చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచినప్పుడు ఈ కష్టాలన్నీ విన్న మనిషి. 2004 మే నుంచి 2007 జూన్ దాకా ఆ నిధి కింద దాదాపు 55 వేల మందికి రూ.168 కోట్ల దాకా ఇచ్చారు. కానీ అది దరఖాస్తు పద్ధతి. ఎమ్మెల్యే ఉత్తరం కావాలి, హైదరాబాదు తిరగాలి, కనికరించాలి. అందుకే దాన్ని ఒక పద్ధతిలో పెట్టారు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆ ఏడాది డిసెంబరులో మన గోదావరి జిల్లాలకి వచ్చింది. 2008 జూలై నాటికి రాష్ట్రమంతా వ్యాపించింది.

పద్ధతి ఏంటంటే, ప్రతి జబ్బుకీ ఇంత అని ముందే రేటు కట్టేశారు. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50 వేలు, మొత్తం రూ.2 లక్షలు. తెల్లకార్డు పట్టుకుని జాబితాలో ఉన్న ఆసుపత్రికి వెళితే అక్కడ ఆరోగ్యమిత్ర ఉంటాడు. ఆయన కాగితాలు పంపిస్తాడు, అనుమతి వస్తుంది, ఆపరేషన్ అవుతుంది. బిల్లు ఆసుపత్రికీ ట్రస్టుకీ మధ్య. మనిషిని మనిషి బతిమాలాల్సిన పని తగ్గింది. దరఖాస్తు పోయి హక్కులాంటిది వచ్చింది. నేను ‘లాంటిది’ అన్నాను, అది గమనించండి. పూర్తి హక్కు కాలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

దీనికి తోడు 108 బండి. 2005 ఆగస్టు 15న మొదలైంది. ఫోన్ చేస్తే బండి ఇంటి ముందుకే వచ్చేది. 104 బండి కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. నెలకోసారి ఊళ్ళోకొచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చేది.

ఇప్పుడు అసలు మలుపు. 108, 104 వెనకాల ఉన్నది ఎవరో గుర్తుందా? మన భీమవరం దగ్గరి వాళ్ళే, సత్యం రామలింగరాజు గారు. తండ్రి పేరు మీద ఆ కుటుంబం 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది. మన గోదావరి జిల్లాల్లో, చుట్టుపక్కల జిల్లాల్లో ఊళ్ళు దత్తత తీసుకుని ఆరోగ్య కేంద్రాలు, మంచినీళ్ళ ప్లాంట్లు, బడులకి సాయం ఇలా ఎన్నో చేశారు. వాళ్ళు అడుగుపెట్టిన ఊళ్ళు 200 దాకా ఉంటాయి. డాక్టరు ఊళ్ళోకే రావడం, మందులు చేతికివ్వడం, ఇదంతా మనవాళ్ళు కళ్ళారా చూశారు. సర్కారు చేయలేని పని ఒక దాత చేస్తున్నాడని దండాలు పెట్టారు. అందులో తప్పేం లేదు.

2009 జనవరి 7న రామలింగరాజు గారు కంపెనీ లెక్కల్లో ఉన్న వేల కోట్లు లేనివని ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. మన దగ్గర పోలింగు ఏప్రిల్ 23న. అంటే మూడున్నర నెలల ముందు. కంపెనీ కుప్పకూలితే ఇటు ఊళ్ళల్లో ఫౌండేషన్ పనులకి డబ్బు ఎండిపోయింది. జబ్బులు మాత్రం ఎక్కడికీ పోలేదు. షుగరు మాత్రలకి ఆ కేంద్రానికి అలవాటుపడ్డ ముసలావిడ ఎవర్ని అడగాలి? కంపెనీ వాటాదారు కాదు, ఉద్యోగి కాదు. దానం తీసుకున్న మనిషికి, దాత పడిపోయినప్పుడు అడిగే చోటు ఉండదు.

అదే కుటుంబం చేతిలో ఉన్న 108 బండి మాత్రం ఆగలేదు. ఎందుకు? దాన్ని నడిపే ఖర్చులో ఎక్కువ భాగం అప్పటికే ప్రభుత్వం భరిస్తోంది. బడ్జెట్లో పద్దు ఉంది. కాబట్టి నడిపేవాళ్ళు మారారు, జీవీకే వాళ్ళు వచ్చారు, బండి మాత్రం తిరిగింది. ఒకే దాత మొదలుపెట్టిన రెండు పనుల్లో ఒకటి కూలింది, ఇంకోటి నిలిచింది. తేడా దాత మంచితనంలో లేదు. ఆ ఖర్చు ఎవరి పద్దులో ఉందన్న దాంట్లో ఉంది.

ఇది పాలకొల్లు ఓటరు నోట్లో మాటగా రాకపోయినా మనసులో పనిచేసి ఉంటుందని నా అభిప్రాయం. అభిప్రాయమే సుమా, రుజువు చూపించలేను. టీ కొట్టు దగ్గర వాదన ఇలా సాగేది: “ఆయన మంచోడే, దానం చేసే చెయ్యే. కానీ ఈ కార్డు ఇప్పుడు పనిచేస్తోంది. కొత్తాయన వచ్చి ఉంచుతాడో తీస్తాడో!” దానికి అవతలివాళ్ళ జవాబు: “ఎవరొచ్చినా కార్డు తీసే ధైర్యం చేయరు, భయపడకండి.” తర్వాతి చరిత్ర చూస్తే ఈ రెండోవాళ్ళు చెప్పిందే నిజమైంది. అయితే ఆ రోజు ఆ సంగతి ఎవరికి తెలుసు?

పోటీలో ఇంకో చిత్రం కూడా ఉంది. తెలుగుదేశం తరఫున నిలబడింది డాక్టరే. 2004లో ఇక్కడ గెలిచిన సత్యనారాయణమూర్తి గారు, మనందరికీ బాబ్జీ గారు. ఊళ్ళో రోగుల్ని చూసే డాక్టరు, రక్తనిధి పెట్టిన హీరో, ఆరోగ్యశ్రీ తెచ్చిన పార్టీ అభ్యర్థి. ముగ్గురూ ఒకే బ్యాలెట్ మీద. జనం ఓటు డాక్టరుకీ పడలేదు, దాతకీ పడలేదు, కార్డు తెచ్చిన పార్టీకి పడింది.

అదే ఏడాది రాష్ట్రంలో నాలుగో గొంతు ఒకటి వినిపించింది. లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ గారు. ఆయనా డాక్టరు చదివి, ఐఏఎస్ చేసి, వదిలేసి వచ్చిన మనిషి. సీట్లు వచ్చింది ఒక్కటే, కూకట్‌పల్లిలో ఆయనదే. కానీ ఆయన చెప్పింది వినాల్సిన మాట. పెద్ద జబ్బుకి పెద్దాసుపత్రిలో లక్షలు కట్టడం కంటే ముందు, ఊళ్ళో మొదటి మెట్టు వైద్యం గట్టిగా ఉండాలి అన్నారు. మన భాషలో చెప్పాలంటే, తెగుళ్ళు ముదిరాక డబ్బాలకి డబ్బాలు మందు కొట్టడం కంటే విత్తనశుద్ధి దగ్గరే జాగ్రత్తపడాలి.

నిజమే కదండీ? అప్పటి ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషన్ ఉండేది గానీ జ్వరానికి ఉండేది కాదు. వారం రోజులు జ్వరమొచ్చి పరీక్షలు, సెలైన్లు అని 15 వేలు వదిలితే కార్డు అక్కరకి రాలేదు. రోజూ మింగే బీపీ, షుగరు మాత్రలకి రాలేదు. కాలువలు కట్టేసే ముందు చెరువులు సరిగ్గా నింపక, వేసవిలో పచ్చబారిన నీళ్ళు తాగి విరేచనాలు పట్టుకుంటే రాలేదు. రొయ్యల చెరువుల నీళ్ళు కలిసి మంచినీళ్ళు ఉప్పగా మారితే దానికీ ఏ కార్డూ లేదు. ప్రభుత్వ డబ్బు ప్రైవేటు ఆసుపత్రులకి పారితే, మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు కుర్చీ ఖాళీగా ఉండిపోతుందన్న విమర్శ కూడా అప్పట్నుంచీ ఉంది. అందులో పస ఉంది. కానీ ఒకటి చెప్పాలి. చావు బతుకుల్లో ఉన్న మనిషి ఇంటివాళ్ళకి ‘మొదటి మెట్టు’ అని చెబితే ఎక్కదు. ఓటు వేసే రోజు మనిషి తలచుకునేది పోయినేడు ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన తన వాళ్ళనే.

ఫలితాల తర్వాత ఏం జరిగిందో చూడండి. కాంగ్రెస్‌కి 156, తెలుగుదేశానికి 92, ప్రజారాజ్యానికి 18 సీట్లు. 2009 సెప్టెంబరు 2న రాజశేఖర రెడ్డి గారు హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. 2011లో ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2012లో చిరంజీవి గారు కేంద్రంలో పర్యాటక మంత్రి అయ్యారు. ఆ పార్టీకి ఓటేసినవాళ్ళు ‘మీరిచ్చిన మాట ఏమైంది’ అని అడుగుదామంటే పార్టీయే లేదు. రక్తనిధి మాత్రం నడుస్తూనే ఉంది. 2021లో కరోనా రెండో దెబ్బకి ఊపిరాడక జనం చచ్చిపోతుంటే ఆయన ఆక్సిజన్ బ్యాంకులు కూడా పెట్టారు. మనిషిగా ఆయన చేసిన సేవ వేరు, పార్టీగా ఇచ్చిన మాట వేరు. మనం రెండూ కలిపేసి మాట్లాడుకుంటాం, అక్కడే గందరగోళం.

ఆరోగ్యశ్రీ సంగతి? తెచ్చినాయన పోయారు, పథకం పోలేదు. 2014లో చంద్రబాబు గారొచ్చి ఎన్టీఆర్ వైద్యసేవ అన్నారు, పరిమితి రెండున్నర లక్షలు చేశారు. 2019లో జగన్ గారొచ్చి మళ్ళీ ఆరోగ్యశ్రీ అన్నారు. బిల్లు వెయ్యి దాటితే వర్తిస్తుందని, 2 వేలకు పైగా జబ్బులని, 2020 జనవరి 3న మొదట మన పశ్చిమ గోదావరి జిల్లాలోనే, ఏలూరులో మొదలుపెట్టారు. 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలన్నారు. 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2025 సెప్టెంబరులో కొంత బీమా కంపెనీ, కొంత ట్రస్టు కలిసి భరించే పద్ధతికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. బోర్డు మీద పేరు మూడుసార్లు మారింది. లోపల పథకాన్ని మాత్రం ఎవరూ తీయలేకపోయారు. రెండు రూపాయల బియ్యంలాగే ఇదీ పుట్టించినవాణ్ణి దాటి బతికింది.

అయితే ఇందాక ‘హక్కులాంటిది’ అన్నాను కదా. ఎందుకన్నానంటే, ప్రభుత్వం బకాయిలు పెడితే ఆసుపత్రుల వాళ్ళు సేవలు ఆపేస్తాం అంటున్నారు. ఈ పార్టీ, ఆ పార్టీ అని లేదు, ఇద్దరి హయాంలోనూ అయింది. కార్డు మీద 25 లక్షలని రాసి ఉన్నా, ఆ నెల బిల్లు చెల్లకపోతే మనిషి గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. ధాన్యం తోలాక డబ్బు పడడానికి ఎదురుచూసిన మనకి ఈ బాధ వేరే చెప్పాలా? మద్దతు ధర ప్రకటించడం ఒకటి, డబ్బు ఖాతాలో పడడం ఇంకోటి.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు కాబట్టి అక్కడి ముచ్చట ఒకటి చెప్పి ముగింపుకొస్తా. అక్కడ అధ్యక్షుడిగా నిలబడాలంటే ముందు సొంత పార్టీలోనే ఓట్లు గెలవాలి, దాన్ని ప్రైమరీ అంటారు. 2015 జూన్‌లో ట్రంప్ గారు రంగంలోకి దిగారు. అప్పటిదాకా ఏ పదవికీ ఎన్నిక కాని వ్యాపారి, టీవీ షోలు చేసిన మనిషి. సొంత పార్టీలో పదిహేను మందికి పైగా పోటీ ఉన్నా అందర్నీ దాటుకొచ్చారు. ఆయన పెద్ద మాటల్లో ఒకటి, ఒబామా 2010లో తెచ్చిన వైద్య చట్టం తీసేసి, అంతకంటే మంచిది, చవకైనది, అందరికీ అందేది తెస్తానని. ఎలా తెస్తారు, డబ్బెక్కడిదంటే వివరంగా చెప్పింది తక్కువ. అటు రెండో పార్టీలో శాండర్స్ అనే పెద్దాయన అందరికీ ప్రభుత్వమే వైద్యం కట్టాలన్నారు. అదెంతవుతుందని ఆయన్నీ నిలదీశారు.

ట్రంప్ గెలిచారు. 2017 జూలై 28న వాళ్ళ సెనేట్‌లో ఆ చట్టాన్ని తీసేసే బిల్లు ఓటుకొచ్చింది. 49కి 51తో వీగిపోయింది. దాన్ని ఓడించిన ఓట్లలో ఒకటి ట్రంప్ సొంత పార్టీవాడైన మెకెయిన్ గారిది. అప్పటికి ఆయనకే మెదడులో క్యాన్సర్. పాత జబ్బు ఉందని బీమా ఇవ్వకపోవడం కుదరదని ఒబామా చట్టంలో ఉంది. అది పోతుందంటే, ట్రంప్‌కి ఓటేసిన ఊళ్ళల్లో కూడా జనం భయపడ్డారు. ఎంత గట్టి మనిషైనా, జనం చేతికి చట్టం రూపంలో అందినదాన్ని లాక్కోవడం తేలిక కాదు. ఇక్కడ మన తెల్లకార్డు, అక్కడ వాళ్ళ చట్టం. దేశాలు వేరు, గుణపాఠం ఒకటే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన గుమ్మం ముందే మళ్ళీ అదే ప్రశ్న నిలబడి ఉంది. పాలకొల్లు మండలం దగ్గులూరులో ప్రభుత్వ వైద్య కళాశాల అన్నారు. రాష్ట్రంలో 17 కొత్త కాలేజీల్లో మనదొకటి. 2021లో శంకుస్థాపన అయింది. ఆ 17లో రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, విజయనగరం, నంద్యాల 2023లో తెరిచారు. మనది తెరవలేదు. 2025 సెప్టెంబరులో పది కాలేజీల్ని ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. ఆ పదిలో మనదీ ఉంది. త్వరగా పూర్తవుతుంది, ఆస్తి ప్రభుత్వానిదే ఉంటుందని అధికార పక్షం అంటోంది. పేదవాడి ఆసుపత్రిని ప్రైవేటు చేతిలో పెడుతున్నారని ప్రతిపక్షం అంటోంది. మనలో కూడా రెండు పక్షాలవాళ్ళూ ఉన్నారు. ఎవరి పార్టీ వాళ్ళకుంటుంది, దాన్ని మార్చుకోమని నేను చెప్పట్లేదు.

చెప్పేదేంటంటే, పార్టీ రంగు చూసి వాదించుకునే ముందు 2009 నేర్పిన మూడు ప్రశ్నలు వేద్దాం. ఒకటి, ఈ ఖర్చు ఎవరి పద్దులో ఉంది? ప్రతి ఏడాదీ బడ్జెట్లో పడే డబ్బా, ఎవరో ఒకరి లాభం మీదో దయ మీదో ఆధారపడ్డదా? రెండు, రేపు డాక్టరు లేకపోయినా, మంచం ఇవ్వకపోయినా, ‘ఇది ఉచితం కాదు’ అన్నా నేను ఎవర్ని అడగాలి? ఆ పేరు, ఆ ఆఫీసు ఒప్పంద కాగితంలో రాసి ఉందా? మూడు, మాటిచ్చిన మనిషి ఓడిపోయినా, పోయినా, పార్టీ మారినా ఇది నిలుస్తుందా?

ఈ మూడింటికీ జవాబు దొరికితే, కట్టేది ఎవరైనా కొంత ధైర్యంగా ఉండొచ్చు. దొరక్కపోతే ఎంత పెద్ద మనిషి శిలాఫలకం వేసినా అనుమానించాల్సిందే. వీటితో పాటు జయప్రకాశ్ గారి ప్రశ్న కూడా జోడించండి: పెద్దాసుపత్రి వచ్చేలోపు మా ఊరి జ్వరానికి, మా మంచినీళ్ళ చెరువుకి ఏం చేస్తున్నారు?

పంచాయతీ ఎన్నికలైనా, అసెంబ్లీ ఎన్నికలైనా, అభ్యర్థి మన అరుగు మీదకొచ్చి చేతులు పట్టుకున్నప్పుడు దండ వేయండి, మజ్జిగ ఇవ్వండి, ఫోటో దిగండి. మనం గోదావరోళ్ళం, మర్యాద తప్పం. మజ్జిగ తాగడం అయ్యాక మాత్రం ఈ ప్రశ్నలు అడగండి. కౌలు రైతులైతే ఇంకా గట్టిగా అడగండి, ఎందుకంటే జబ్బు చేస్తే అమ్ముకోవడానికి మీకు చెక్క భూమి కూడా లేదు.

మీ ఊళ్ళో ఆ 2009 వాదనలు ఎలా నడిచాయో, బైర్రాజు వాళ్ళ ఆరోగ్య కేంద్రం తర్వాత ఏమైందో గుర్తున్నవాళ్ళు చెప్పండి. మన పెద్దాళ్ళు ఉండగానే ఇవన్నీ రాసి పెట్టుకోవాలి. ఉంటానండీ.